ఇరవై ఏళ్ళ తర్వాతి రుచి: మాక్స్ షూబర్ట్ ఎర్ర వైన్లు

అందరికీ నమస్కారం. ఆదివారం పూట ఇంతమంది వచ్చినందుకు చాలా సంతోషం. వెనక నిలబడ్డవాళ్ళు ముందుకి రండి, కుర్చీలున్నాయి.

నేను దక్షిణ ఆస్ట్రేలియాలో వైన్ తయారుచేసే చోట పనిచేస్తాను. కోతల కాలంలో తొట్ల దగ్గర, మిగతా రోజుల్లో పీపాల మధ్య, ల్యాబ్‌లో. వైన్ గురించి మాట్లాడమని ఇక్కడి మిత్రులు అడిగినప్పుడు, ఏ వైన్ ఏ కూరతో బాగుంటుందో చెప్పే కన్నా ఒక మనిషి పని గురించి చెప్తానన్నాను. ఆయన పేరు మాక్స్ షూబర్ట్. పెన్‌ఫోల్డ్స్ కంపెనీ వైన్‌మేకర్. ‘గ్రేంజ్’ అనే ఎర్ర వైన్ ఆయన చేతుల్లో పుట్టింది. ఈ రోజు ఆస్ట్రేలియాలో నాణ్యమైన ఎర్ర వైన్ ఎవరు చేసినా, ఆయన దారిలో నడుస్తున్నారో లేక ఆ దారి వద్దనుకుని పక్కకి వెళ్తున్నారో చెప్పుకోవాల్సిందే.

సాధారణంగా గొప్ప వైన్ అనగానే ఒక గొప్ప తోట గుర్తొస్తుంది. ఫ్రాన్స్‌లో బర్గండీ వాళ్ళ నమ్మకం అదే. రొమానే కాంటీ అనే తోట మొత్తం రెండు హెక్టార్లు కూడా ఉండదు. ఆ గట్టు దాటితే వైన్ పేరు మారిపోతుంది, ధర మారిపోతుంది. మట్టిలో ఉన్నదాన్ని చెడగొట్టకుండా సీసాలోకి చేర్చడమే అక్కడ వైన్‌మేకర్ పని. షూబర్ట్ తోటతో మొదలుపెట్టలేదు. ఇరవై ఏళ్ళు గడిచాక సీసా తెరిస్తే అందులో ఏముండాలో ముందు తేల్చుకున్నారు. ఏ ద్రాక్ష, ఎక్కడి తోట, ఎన్ని రోజులు పులియాలి, ఏ చెక్కలో ఉండాలి, దేంతో దేన్ని కలపాలి అన్నవన్నీ ఆ తర్వాతే. ఈ వరస మార్చడమే ఆయన చేసిన అసలు పని అని నా అభిప్రాయం. గ్రేంజ్ అందులోంచి వచ్చిన ఒక ఫలితం.

ఆయన 1915లో బరోసా లోయలో పుట్టారు. అడిలైడ్ నగరానికి ఉత్తరాన, కారులో గంటకి కాస్త ఎక్కువ దూరం. జర్మనీ నుంచి వలస వచ్చిన లూథరన్ కుటుంబాలు ద్రాక్ష వేసుకుని స్థిరపడిన ప్రాంతం. 1931లో, పదహారేళ్ళ వయసులో, నూరియూట్పా ఊళ్ళోని పెన్‌ఫోల్డ్స్ వైనరీలో ఉత్తరాలు, కబుర్లు మోసే కుర్రాడిగా చేరారు. గుర్రాల శాల పని దగ్గర్నుంచి ల్యాబ్ పని దాకా అన్నీ అక్కడే నేర్చుకున్నారు. రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యంలోకి వెళ్ళి తిరిగొచ్చి, 1948లో అదే కంపెనీకి చీఫ్ వైన్‌మేకర్ అయ్యారు.

అప్పట్లో ఆస్ట్రేలియా తాగేది మనం ఈ రోజు వైన్ అనుకునేది కాదు. పోర్ట్, షెర్రీ లాంటివి. పులిసే రసంలోనో, పులిసిన వైన్‌లోనో ద్రాక్ష బ్రాందీ స్పిరిట్ పోసి ఘాటుగా చేసినవి. ఎండ ఎక్కువ, ద్రాక్షలో చక్కెర ఎక్కువ, దూరప్రయాణానికి స్పిరిట్ పోసిన వైన్ చెడిపోదు, బ్రిటన్‌లో దానికి గిరాకీ ఉంది. ఏమీ కలపని ఎర్ర వైన్ చేసేవాళ్ళు లేకపోలేదు, కానీ అది యాభై ఏళ్ళు నిలవాలి అన్న ఊహ అక్కడ ఎవరికీ లేదు.

1950లో కంపెనీ ఆయన్ని యూరప్ పంపింది. పంపింది ప్రధానంగా స్పెయిన్‌లో షెర్రీ, పోర్చుగల్‌లో పోర్ట్ ఎలా చేస్తారో చూసి రమ్మని. దారిలో ఫ్రాన్స్‌లో బోర్డో వెళ్ళారు. అక్కడ క్రిస్టియన్ క్రూజ్ అనే వైన్ వ్యాపారి ఆయన్ని తన వెంట తిప్పి, నలభై, యాభై ఏళ్ళ నాటి ఎర్ర వైన్లు రుచి చూపించారు. అవి ఇంకా బతికే ఉన్నాయి. రంగు తగ్గింది, కానీ వాసన, రుచి మొదట్లో కన్నా లోతుగా ఉన్నాయి. అలాంటి వైన్ ఆస్ట్రేలియాలోనూ చేయొచ్చా అన్న ప్రశ్నతో ఆయన ఇంటికి బయల్దేరారు. తిరుగు ప్రయాణంలోనే పథకం మొత్తం సిద్ధమైందని తర్వాత ఆయనే చెప్పుకున్నారు.

బోర్డోని నకలు కొడదామంటే సరుకు లేదు. అక్కడ ముఖ్యమైన ద్రాక్షల్లో ఒకటి కాబెర్నే సావిన్యాన్. దానికి తోడు మెర్లో, మాల్బెక్. 1950ల దక్షిణ ఆస్ట్రేలియాలో ఇవి చాలినంత దొరికేవి కావు. ఏటా ఒకే స్థాయిలో ఒక వైన్ తీసుకురావాలంటే ఏటా నమ్మకంగా దొరికే ద్రాక్ష కావాలి. దొరికేది షిరాజ్. కావలసినంత ఉంది, పాత తీగలున్నాయి. ఫిలోక్సెరా అనే పేనుజాతి పురుగు పందొమ్మిదో శతాబ్దంలో యూరప్ తోటల్ని నాశనం చేసింది కానీ దక్షిణ ఆస్ట్రేలియాలో అడుగుపెట్టలేదు. అందుకని అక్కడ వందేళ్ళ తీగలు సొంత వేళ్ళ మీదే కాస్తున్నాయి. షూబర్ట్ షిరాజ్‌నే ఎంచుకున్నారు. దొరకడం ఒక్కటే కారణం కాదు, ఇష్టంగానే ఎంచుకున్నారు. ఫ్రెంచి ఓక్ చెట్టు చెక్కతో చేసిన పీపాల బదులు అమెరికన్ ఓక్ తీసుకున్నారు. 1951 పంటకి మొదటి ప్రయోగం. అడిలైడ్ అంచున ఉన్న మాగిల్ తోట నుంచి కొంత, దక్షిణాన మార్ఫెట్ వేల్ నుంచి కొంత షిరాజ్. అంటే మొదటి రోజు నుంచే ఒక తోట వైన్ కాదు, రెండు చోట్ల పళ్ళు కలిపినది.

ఇక్కడ ఒక మనిషి గురించి చెప్పకుండా ముందుకి వెళ్తే అన్యాయం. రే బెక్‌విత్. 1935లో పెన్‌ఫోల్డ్స్‌లో చేరిన శాస్త్రవేత్త. 1912లో పుట్టి 2012లో వందేళ్ళు నిండాక కన్నుమూశారు. అప్పట్లో వైనరీలకి పెద్ద బెడద ఏమిటంటే, వైన్ తొట్లలోనే పాడైపోవడం. బాక్టీరియా పట్టి, మబ్బుపట్టి, పులిసి, తొట్లకి తొట్లు పారబోసుకోవలసి వచ్చేది. కారణం పరిశుభ్రత లోపం ఒక్కటే కాదు, పీహెచ్ (పులుపు ఎంతుందో చెప్పే కొలత) అని బెక్‌విత్ పట్టుకున్నారు. వేడి ప్రాంతంలో ద్రాక్ష పండుతున్నకొద్దీ పులుపు పడిపోతుంది, పీహెచ్ పెరుగుతుంది. అది ఒక హద్దు దాటితే బాక్టీరియాకి పండగ. పీహెచ్ 3.8 నుంచి 3.5కి దిగితే అంకెల్లో 0.3 మాత్రమే. కానీ రసంలో హైడ్రోజన్ అయాన్లు దాదాపు రెట్టింపవుతాయి. బాక్టీరియా ఆగుతుంది, వైన్‌ని కాపాడటానికి వేసే సల్ఫర్ డయాక్సైడ్ తక్కువ వేసినా పనిచేస్తుంది, ఎర్ర రంగు నిగనిగలాడుతుంది.

దించడం ఎలా? టార్టారిక్ ఆమ్లం కలిపి. ద్రాక్షలో సహజంగా ఉండే పులుపు అదే. మన చింతపండులో ఉన్నదీ అదే. పులియడానికి ముందే కొలిచి, పీహెచ్ మీటర్ చూసుకుంటూ వేయాలి. ఈ రోజు మేం పొద్దున్నే చేసే మొదటి పని ఇదే కాబట్టి ఇదొక పెద్ద విషయంలా కనిపించదు. కానీ ఆ రోజుల్లో వైనరీలో పీహెచ్ మీటర్ అన్నదే కొత్త వింత. షూబర్ట్ ఇరవై ఏళ్ళ వైన్ గురించి కలగనగలిగారంటే, ఇరవై నెలల్లో అది పాడవదని బెక్‌విత్ భరోసా ఇవ్వబట్టే. వైన్ చరిత్ర రాసేవాళ్ళు పేరు పడ్డ మనిషి దగ్గర ఆగిపోతారు. ల్యాబ్‌లో కూర్చున్నవాళ్ళని ఎవరూ తలచుకోరు. నాకది కష్టంగా ఉంటుంది.

సరే, తొట్టి దగ్గరికి వద్దాం. ఎర్ర వైన్‌లో రంగు, వగరు రసంలోంచి రావు, తొక్కలోంచి వస్తాయి. షిరాజ్ పండు నలిపి చూస్తే లోపల రసం దాదాపు తెల్లగానే ఉంటుంది. పులిసేటప్పుడు కార్బన్ డయాక్సైడ్ బుడగలు తొక్కల్ని పైకి తోసేస్తాయి. తొట్టి పైన అడుగుమందం తొక్కల అట్ట కడుతుంది. అది ఎండితే వెనిగర్ వాసన పడుతుంది, రంగు దిగదు. షూబర్ట్ తొట్టి పైభాగంలో చెక్క పలకలు అడ్డంగా బిగించి ఆ తొక్కలు రసంలోనే మునిగి ఉండేట్టు చేశారు. అడుగు నుంచి రసం తోడి, చల్లబరిచే గొట్టాల గుండా పంపి, మళ్ళీ పైనుంచి పోసేవారు. ఈ చల్లబరచడమే కీలకం. వేడి పెరిగితే పులియడం మూడు నాలుగు రోజుల్లో అయిపోతుంది, ఉడికిన జామ్ వాసన మిగులుతుంది. ఆయనకి కావలసింది సుమారు పన్నెండు రోజులు. రసంలో చక్కెరని బోమే అనే కొలతలో చెప్తారు. ఒక బోమే చక్కెర పులిస్తే దాదాపు ఒక శాతం ఆల్కహాల్ వస్తుంది. పన్నెండు బోమే దగ్గర కోసిన పండు రోజుకి ఒక బోమే చొప్పున దిగాలి. ఏ రోజు ఎంత దిగాలో ముందే గ్రాఫ్ గీసుకుని, గీత తప్పితే రసాన్ని చల్లబరచడమో, వేడెక్కనివ్వడమో చేసేవారు.

అన్ని రోజులు తొక్కలతో ఉంటే ఏమవుతుంది? టానిన్ దిగుతుంది. నేరేడు పండు తిన్నాక నాలుక మందంగా, గరుకుగా అనిపిస్తుంది చూడండి, అదే. కొత్తలో ఆ వగరు నోరు తిప్పనివ్వదు. కానీ ఎర్ర వైన్‌ని ఏళ్ళ తరబడి నిలబెట్టేది అదే. గాలి సోకి పాడవకుండా ముందు తను అడ్డుపడుతుంది. కాలం గడిచేకొద్దీ ఆ అణువులు ఒకదాన్నొకటి పట్టుకుని పెద్దవై, కొన్ని మడ్డిగా దిగిపోతాయి. మిగిలిన వైన్ మెత్తబడుతుంది. ఎంత వగరు ఉంటే అంత మంచిదని కాదు. దానికి సరిపడా పండు రుచి కూడా ఉండాలి. లేకపోతే పదేళ్ళకి పండు పోయి ఉత్త వగరే మిగులుతుంది. షూబర్ట్ పాత తీగల వెంట పడింది ఇందుకే. ముసలి తీగ తక్కువ కాస్తుంది, కాసిన గుత్తిలో సాంద్రత ఎక్కువ.

ఇంకో ఎత్తుగడ ఉంది, నాకు చాలా ఇష్టమైనది. మామూలుగా పులియడం పూర్తయ్యాకే పీపాలోకి పోస్తారు. షూబర్ట్ చక్కెర ఇంకా కాస్త మిగిలి ఉండగానే తొక్కల నుంచి తీసి, పిండి, కొత్త ఓక్ పీపాల్లోకి పోసేశారు. ఒక్కో పీపా 300 లీటర్లు. మిగతా పులియడం అందులో. ఈస్ట్ ఇంకా బతికి ఉంది కాబట్టి చెక్క నుంచి వచ్చే వెనిలా, కొబ్బరి వాసనల్ని అది పట్టి మార్చేస్తుంది. చెక్క వాసన విడిగా తేలకుండా వైన్‌లో కలిసిపోతుంది. అమెరికన్ ఓక్ ఘాటైన చెక్క. బలహీనమైన వైన్ అందులో పోస్తే రంపపు పొట్టు నమిలినట్టే. షిరాజ్ తట్టుకుంది. పోలిక చూడటానికి అదే రసంలో కొంత పాత పెద్ద పీపాలో కూడా పెట్టారు. ఏడాది తిరిగేసరికి తేడా ఆయనకి స్పష్టంగా తెలిసింది.

కానీ తెలిసింది ఆయన ఒక్కడికే. 1957 పంటకి ముందు సిడ్నీలోని కంపెనీ పెద్దలు వైన్ తెలిసినవాళ్ళని పిలిచి ఈ వైన్లన్నీ రుచి చూపించారు. ఒక్కరికీ నచ్చలేదు. అప్పుడు పడ్డ మాటల్ని 1979లో ఒక సభలో షూబర్టే చదివి వినిపించారు. ఒకాయన దీన్ని తీపిలేని పోర్ట్ అని, బుద్ధున్నవాడెవడూ కొనడని అన్నారట. ఇంకొకాయనకి అడవి పళ్ళతో పాటు నలిగిన చీమలు తగిలాయట. అడిలైడ్‌లో రుచి చూపించినా అదే ఫలితం. గ్రేంజ్ చేయడం ఆపేయమని సిడ్నీ నుంచి రాతపూర్వకంగా ఉత్తర్వు వచ్చింది.

ఆ రుచి చూసినవాళ్ళని తప్పుపట్టడం నాకు ఇష్టం ఉండదు. వాళ్ళు చెప్పింది అబద్ధం కాదు. అయిదారేళ్ళ గ్రేంజ్ నిజంగానే మొరటుగా ఉంటుంది. చెక్క ఒకవైపు, వగరు ఒకవైపు, పండు ఒకవైపు లాగుతుంటాయి. వాళ్ళు అడిగిన ప్రశ్న ఈ రోజు ఎలా ఉంది అని. షూబర్ట్ చేసింది ఇరవై ఏళ్ళ తర్వాతకి. కంపెనీ లెక్కల పుస్తకంలో ఆ రెంటికీ మధ్య ఉన్న ఏళ్ళంటే నేలమాళిగలో మూలుగుతున్న డబ్బు, అమ్ముడుపోని సరుకు. ఈ చిక్కు ఇప్పటికీ తీరలేదు. ఏళ్ళ తరబడి దాచి అమ్మే ప్రతి వైనరీ బ్యాంకుతో దీని గురించే మాట్లాడుతుంది.

షూబర్ట్ ఆపలేదు. సిడ్నీకి, అడిలైడ్‌కి మధ్య వెయ్యి కిలోమీటర్ల పైచిలుకు. ఆ దూరం పనికొచ్చింది. కంపెనీ కుటుంబానికే చెందిన జెఫ్రీ పెన్‌ఫోల్డ్ హైలాండ్ అడిలైడ్‌లో అండగా నిలిచారు. 1957, 1958, 1959 పంటలు మాగిల్ నేలమాళిగల్లో గుట్టుగా తయారయ్యాయి. కొత్త పీపాలు కొనడానికి డబ్బు అడగలేరు, అడిగితే బయటపడుతుంది. అందుకని ఆ మూడేళ్ళూ వాడేసిన పీపాలతోనే సరిపెట్టారు. అందుకే ఆ వైన్లలో ఓక్ ఛాయ తక్కువ. ఈలోగా 1951, 1952, 1953 సీసాలు నెమ్మదించడం మొదలైంది. మళ్ళీ రుచి చూసిన పెద్దలు మనసు మార్చుకున్నారు. 1960 పంటకి సరిగ్గా ముందు, మళ్ళీ మొదలుపెట్టమని ఉత్తర్వు.

తర్వాత జరిగింది చాలామందికి తెలిసిందే, త్వరగా చెప్పేస్తాను. 1955 గ్రేంజ్‌ని 1962లో సిడ్నీ పోటీకి పెట్టారు, స్వర్ణం వచ్చింది. ఆ ఒక్క ఏడాది వైన్‌కే తర్వాత యాభైకి పైగా బంగారు పతకాలు వచ్చాయి. షూబర్ట్ 1975లో రిటైరయ్యారు, 1994లో పోయారు. ఆ మరుసటి ఏడాది ఒక అమెరికన్ వైన్ పత్రిక 1990 గ్రేంజ్‌ని ఆ ఏటి ప్రపంచ మేటి వైన్‌గా ప్రకటించింది. ఎప్పుడూ అమ్మకానికే పెట్టని 1951 సీసా ఇప్పుడు వేలంలో లక్ష ఆస్ట్రేలియన్ డాలర్లు దాటుతోంది. ఈ ధరల గురించి పత్రికలు రాసినంతగా ఆ వైన్ రుచి గురించి రాయవు. అది బాధాకరం. బీరువాలో దాచి అమ్ముకోవడానికి ఆయన చేయలేదు, తాగడానికి చేశారు.

ఇప్పుడు నేను ఎక్కువ సేపు మాట్లాడాలనుకున్న విషయానికి వస్తాను. కలపడం. బ్లెండింగ్.

మనవాళ్ళకి రెండు కలిపారనగానే కల్తీ అన్న అనుమానం వస్తుంది. మంచిది కాస్త, నాసిది కాస్త పోసి నెట్టుకొచ్చారేమో అని. అలాంటి వ్యాపారం ప్రపంచంలో లేదనను. కానీ షూబర్ట్ పద్ధతిలో కలపడమంటే ఉన్న మేలురకాల్లోంచి ఏరడం. కోత తర్వాత ఒక్కో తోట నుంచి వచ్చిన వైన్‌ని విడివిడిగా ఉంచుతారు. ఒకే తోటలో ఎగువ భాగం, దిగువ భాగం కూడా వేరే. కొన్ని నెలలయ్యాక అన్నిటికీ అంకెలు మాత్రం అంటించి, పేర్లు దాచి, వరసగా రుచి చూస్తారు. ఏది గ్రేంజ్‌కి సరిపోతుంది, ఏది ఇంకో వైన్‌కి, ఏది దేనికీ పనికిరాదు అని తేల్చేది అక్కడే. పోయినేడు గ్రేంజ్‌లో చేరిన తోట ఈ ఏడు చేరకపోవచ్చు. పేరున్న తోట అయినా సరే. అందుకే ఆ సీసా మీద ఊరి పేరు ఉండదు, దక్షిణ ఆస్ట్రేలియా అని మాత్రమే ఉంటుంది. ఆస్ట్రేలియా చట్టం ప్రకారం ఒక ప్రాంతం పేరు వేయాలంటే కనీసం 85 శాతం అక్కడిదే కావాలి. ఆ గౌరవం కోసం ఆయన పాకులాడలేదు.

షిరాజ్‌కి కాబెర్నే ఎందుకు తోడు? రెండూ విడిగా రుచి చూస్తే తెలుస్తుంది. కాబెర్నే నోట్లో పడగానే వాసన, చివర్లో గట్టి పట్టు ఉంటాయి. మధ్యలో ఒక్క క్షణం ఖాళీగా అనిపిస్తుంది. బోర్డోలో ఆ ఖాళీని మెర్లోతో నింపుతారు. షిరాజ్ మొత్తం ఆ మధ్యలోనే ఉంటుంది. నిండుగా, మెత్తగా, నల్లటి పండు, మిరియాల వాసన. చివరికి వచ్చేసరికి సడలిపోతుంది. రెండూ కలిస్తే ఒకదాని లోటు ఒకటి తీరుస్తుంది. ఇది ఆస్ట్రేలియావాళ్ళు కనిపెట్టింది కాదు. పందొమ్మిదో శతాబ్దంలో బోర్డో వ్యాపారులే తమ వైన్ పలచగా ఉన్న ఏడు రోన్ లోయలోని హెర్మిటేజ్ నుంచి సిరా తెప్పించి కలిపేవారు. సిరా, షిరాజ్ ఒకటే ద్రాక్ష. తర్వాత ఫ్రెంచి చట్టాలు ఆ దారి మూసేశాయి. ఆస్ట్రేలియాలో మూసేవాళ్ళు లేరు.

గ్రేంజ్‌లో కాబెర్నే చాలా కొద్దిగా పడుతుంది. కొన్నేళ్ళు అసలు పడదు. ఈ జోడీ అసలు బలం చూడాలంటే 1962 నాటి బిన్ 60ఏ చూడాలి. నేలమాళిగలో సీసాలు పేర్చిన గూడు నంబరే బిన్, అదే వైన్ పేరైపోయింది. అందులో సుమారు రెండు వంతులు కూనవారా కాబెర్నే, ఒక వంతు బరోసాలోని కలిమ్నా తోట షిరాజ్. ఈ రెండు చోట్ల మధ్య నాలుగు వందల కిలోమీటర్ల దూరం. కూనవారా చల్లటి చోటు. సున్నపురాయి మీద పలచగా పరుచుకున్న ఎర్రమట్టి. కలిమ్నా ఇసుక నేల, వేడి. ఒకదాని నుంచి నిటారైన, చురుకైన పులుపు. ఇంకోదాని నుంచి నిండుదనం. ఆస్ట్రేలియాలో ఇప్పటిదాకా వచ్చిన ఎర్ర వైన్లలో అత్యుత్తమం ఇదేననే వైన్ పండితులు చాలామంది ఉన్నారు. ఏ ఒక్క తోటా అలాంటి వైన్ ఇవ్వలేదు. అది మనిషి ఊహలో పుట్టింది.

1960 పంటతో మొదలైన బిన్ 389 కూడా కాబెర్నే, షిరాజ్ జోడీయే. ముందు ఏడాది గ్రేంజ్ ఉంచిన పీపాల్లో దీన్ని ఉంచుతారు. కొత్త చెక్క ఘాటు అప్పటికే తగ్గి ఉంటుంది కాబట్టి వైన్ తొందరగా మెత్తబడుతుంది, ధరా తక్కువ. దాన్ని పిల్ల గ్రేంజ్ అని పిలుచుకుంటారు. ఒకే తాహతు జేబులకే కాకుండా రకరకాల వాళ్ళకి అందేలా వరస కట్టడం ఆయన ఆలోచనలో ముఖ్యమైన భాగం. ఇక 1964లో మొదలైన బిన్ 707 ఉత్త కాబెర్నే. బోయింగ్ 707 విమానం పేరు. 1970 నుంచి 1975 దాకా దాన్ని అసలు చేయలేదు. సరిపడా మంచి కాబెర్నే లేదు, అంతే. ఉన్న పేరుని వాడుకుని ఏదో ఒకటి పోసి అమ్మొచ్చు. అమ్మలేదు. ఆయన మీద నాకు గౌరవం పెరిగిన చోట్లలో ఇదొకటి.

ఈ పని బల్ల దగ్గర ఎలా ఉంటుందో చెప్తాను. మా చోట ఇలా చేస్తాం. ముందు వంద మిల్లీలీటర్ల కొలగొట్టం, పిపెట్, పక్కన వరసగా నమూనా సీసాలు. మొదట ఆధారమైన షిరాజ్ 90, కాబెర్నే 10. ఇంకో గ్లాసులో 95, 5. ఇంకోదాంట్లో 85, 15. పక్కన ఏమీ కలపని షిరాజ్. చూడటానికి అయిదు శాతం అంటే ఏముంది అనిపిస్తుంది. కానీ ఆ అయిదు శాతంతో ఒక్కోసారి వైన్ నోట్లో నిలిచే సేపు మారిపోతుంది. పది శాతం దగ్గర వాసనే తిరగబడి, షిరాజ్ కనిపించకుండా పోతుంది. రెండు మంచి వైన్లు కలిసి ఒక సాదా వైన్ అయిన సందర్భాలూ ఉన్నాయి. లెక్క వేసి ముందే చెప్పలేం, నోటితోనే తేల్చుకోవాలి. నచ్చిన మూడింటినీ గ్లాసు మీద మూతపెట్టి రాత్రంతా ఉంచి పొద్దున్నే, నాలుక తాజాగా ఉన్నప్పుడు మళ్ళీ చూస్తాం. సాయంత్రం గెలిచింది పొద్దున ఓడిపోవడం మామూలే. ఎక్కువ తీయగా, మెత్తగా అనిపించినదే సాధారణంగా ముందు గెలుస్తుంది. తొందరపడి అదే ఖాయం చేస్తే నాలుగేళ్ళలో అలసిపోయే వైన్ వస్తుంది. ఆ బల్ల దగ్గర కూర్చున్నప్పుడు షూబర్ట్ చేసింది ఎంత కష్టమో అర్థమవుతుంది. కొత్తగా ఉన్నప్పుడు మొరటుగా తోచేదాన్ని, అది ఏమవుతుందో ఊహించి ఎంచుకోవాలి.

ఆయన వైన్లలో లోపాలు లేవనను. గ్రేంజ్ వాసనలో కాస్త వెనిగర్ చురుకు ఉంటుంది. పరీక్షలో కూర్చుంటే దాన్ని దోషం కింద రాయాలి. ఆయన అది తెలిసే ఉండనిచ్చారు, వాసనని పైకి లేపుతుందని. నాకు కొన్ని ఏళ్ళ వైన్లలో అది ఎక్కువనిపిస్తుంది. అలాగే ఓక్ విషయంలో అందరూ ఆయన వెంట పడటం వల్ల 1980లు, 90ల్లో ఆస్ట్రేలియాలో బోలెడు ఎర్ర వైన్లు వెనిలా డబ్బాల్లా తయారయ్యాయి. ఆయన చెక్కని వాడింది తట్టుకోగల వైన్‌కి. అనుకరించినవాళ్ళు చెక్కని మాత్రమే చూశారు.

అదే కంపెనీలో, అవే సంవత్సరాల్లో, జాన్ డావరెన్ అనే వైన్‌మేకర్ ‘సెయింట్ హెన్రీ’ చేశారు. అదీ ప్రధానంగా షిరాజే. కొత్త ఓక్ ఒక్క చుక్క తగలనివ్వకుండా, యాభై ఏళ్ళు వాడిన పెద్ద పెద్ద పాత పీపాల్లో పెంచుతారు. 1960ల్లో దానికీ గ్రేంజ్‌కీ సమానంగా అభిమానులుండేవారు. ముసలి సెయింట్ హెన్రీ తాగినప్పుడు, షూబర్ట్ దారి ఒక్కటే దారి అనే మాట నిలవదు. తోటని నమ్ముకున్నవాళ్ళూ అక్కడే ఉన్నారు. ఈడెన్ లోయలో సిరిల్ హెన్ష్కే 1958లో ‘హిల్ ఆఫ్ గ్రేస్’ మొదలుపెట్టారు. ఒకే తోట, ఒకే ద్రాక్ష. మహత్తరమైన వైన్. 

ఏమైనా ప్రశ్నలుంటే అడగండి.

(సభలో ఒకరు: ఈ వైన్లు మనకి ఇక్కడ దొరుకుతాయా అండీ?)

బిన్ 389, బిన్ 28 లాంటివి పెద్ద నగరాల్లో కనిపిస్తాయి, ధర మాత్రం చుక్కల్లో ఉంటుంది. దిగుమతి సుంకం 150 శాతం ఉండేది. 2022 డిసెంబరు 29 నుంచి అమలైన భారత్, ఆస్ట్రేలియా వాణిజ్య ఒప్పందం వల్ల సీసా దిగుమతి విలువ 15 అమెరికన్ డాలర్లు దాటితే అది 75 శాతానికి దిగింది, పదేళ్ళలో 25కి చేరాలి. దాని పైన రాష్ట్రాల పన్నులు వేరే. మీరు కొంటే తెరిచి వెంటనే పోసుకోకండి. ఒక జగ్గులోకి మెల్లగా వంపి, మడ్డి సీసాలోనే వదిలేసి, గంటసేపు ఆగండి. మన ఎండాకాలంలో గది వేడికి ఎర్ర వైన్ పాడవుతుంది, ఫ్రిజ్‌లో అరగంట పెట్టి తీయండి, ఏమీ కాదు.

(ఇంకొకరు: మన దేశంలో ఇలాంటి వైన్ చేయగలరా మేడమ్?)

మన దగ్గర కాబెర్నే, షిరాజ్ జోడీ ఇప్పటికే ఉంది. బెంగళూరు పక్కన నంది కొండల్లో గ్రోవర్ వాళ్ళు ‘లా రిజర్వ్’ చేస్తున్నారు. బోర్డో నుంచి మిషెల్ రొలాన్ అనే వైన్ నిపుణుడు వచ్చి సలహాలిచ్చిన వైన్ అది. ఆ ద్రాక్ష పండే చోటు ఆంధ్ర సరిహద్దుకి ఎంతో దూరంలో లేదు. ఆ చుట్టుపక్కల తోటల్లో సగం మాటలు తెలుగులోనే వినబడతాయి. కష్టం ఎక్కడంటే, మన తీగ చలికాలంలో నిద్రపోదు. ఏడాదికి రెండుసార్లు కత్తిరించి ఒక్క పంట తీయాలి. పండేటప్పుడు పులుపు త్వరగా పడిపోతుంది. అంటే బెక్‌విత్ 1930ల్లో ఎదుర్కొన్న సమస్యే, పరిష్కారమూ తెలిసిందే. ముసలి తీగలు ఇంకా లేవు, వాటికి సమయం పడుతుంది. మద్యం రాష్ట్రాల అధికారంలో ఉంది కాబట్టి ఒక రాష్ట్రపు వైన్‌ని ఇంకో రాష్ట్రంలో కలపాలంటే అనుమతులు, పన్నులు. అదంతా ఉన్నా, నాసిక్ షిరాజ్ పది నమూనాలు, నంది కొండల కాబెర్నే పది నమూనాలు పేర్లు దాచి ఒకే బల్ల మీద పెట్టి కొలగొట్టంతో కూర్చోవాలని నాకు చాలా ఏళ్ళుగా కోరిక. ఇక్కడ వైనరీల్లో పనిచేస్తున్నవాళ్ళు ఎవరైనా ఉంటే సభ అయ్యాక నన్ను కలవండి. నమూనాలు తెప్పించే సంగతి మాట్లాడుకుందాం.